సొన్నప్ప నడిచిన ముప్పై వేల అడుగులు

ఆ సోమవారం పిల్లమ్మ వేసుకున్న పథకం చిన్నదే. ఆవు కెంపి పాలు పిండి డైరీలో పోసి, ఎనిమిది గంటల బస్సుకు మొగుణ్ణి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. టేకల్ పక్కనున్న ఆ పల్లెనుంచి ఆమె అలా బయలుదేరడం వరసగా నాలుగో సోమవారం. మొదటిసారి డాక్టరు మీటింగులో ఉన్నాడు. రెండోసారి ట్రైనింగులో. మూడోసారి ఎక్కడున్నాడో చెప్పడానికి కూడా మనిషి లేడు.

మొగుడు సొన్నప్పకు డెబ్బై నాలుగేళ్లు. చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో ముప్పై ఏళ్లు రాయి తొలిచినవాడు. గనులు కంపెనీవాళ్ల చేతినుంచి సర్కారు చేతికి వచ్చాకే చేరాడు. యజమాని మారిన సంగతి రాతిదుమ్ముకు ఎవరూ చెప్పలేదు. అది పాత పద్ధతిలోనే ఊపిరితిత్తుల్లో చేరింది. ఇప్పుడు డైరీ దాకా నడవాలంటే రెండుచోట్ల కూర్చుంటాడు. పడుకుంటే ఊపిరి ఆడదు కనుక గోడకానుకుని నిద్రపోతాడు. చదువుకున్న మనిషి ఎవరైనా ఆ ఎదకు చెవి ఆనించి లోపల ఏముందో చెప్పాలి. పిల్లమ్మ కోరేది అంతే.

గడప దిగుతుండగానే ఊరి ఆశా కార్యకర్త వసంతమ్మ ఎదురొచ్చింది. చేతిలో గడియారంలాంటి నల్లపట్టీ ఉంది. దాని అడుగున పచ్చదీపం మినుకుమంటోంది.

"ఆసుపత్రికి పోబల్లేదవ్వా. కొత్త స్కీము వచ్చిండాది. ఇది తాత చేతికి కడితే నాడి, వేడి, నడక, తిరిగే చోటు, అన్నీ బెంగళూరుకు తెలిసిపోతాయి. తేడా వచ్చిందంటే డాక్టరే మీ ఇంటికొస్తాడు."

"దగ్గు తెలుస్తాదా?"

వసంతమ్మ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. "దగ్గు దీంట్లో లేదవ్వా. ఒకటి మాత్రం గ్యాపకం పెట్టుకో. దీన్ని తీసి పక్కన పెట్టగూడదు. ప్రాణముండే ఒంటిమీదే ఉండాల. చల్లబడిందంటే నా పేరుకు ఎర్రగీత. మూడు గీతలు పడితే నా పని ఊడతాది. డాక్టరు చూడాల్సినోళ్ల లిస్టులోంచి తాత పేరూ పోతాది."

పిల్లమ్మ బస్సు మానుకుని పట్టీని మొగుడి చేతికి కట్టించింది. సొన్నప్ప దాన్ని ఒక్క పూట ఉంచుకుని, తీసి మంచంమీద పడేశాడు.

"ముప్పై ఏళ్లు ఇత్తడిబిళ్ల మోసినాను. గనిలోకి దిగేటప్పుడు తీసుకో, పైకొచ్చి బోర్డుకు తగిలించు. బిళ్ల తిరిగి రాలేదంటే మనిషి లోపలే పోయినట్టు లెక్క. ఇంగ సర్కారు బిళ్ల నా ఒంటికి తగలగూడదు. పో!"

పిల్లమ్మ ఆలోచించింది. లిస్టులో పేరుండాలి, వసంతమ్మ పని ఉండాలి, పట్టీ చల్లబడకూడదు. ఇంట్లో ప్రాణమున్న ఒళ్లు మూడు. మొగుడు ఒప్పుకోడు. తన చేతికి కట్టుకుంటే పాలు పిండేటప్పుడు పొదుగుకు గీసుకుంటుంది. మిగిలింది కెంపి. పశువుల డాక్టరు నాడి చూడాలంటే తోక కిందే వేళ్లు పెట్టడం ఆమె ఎన్నోసార్లు చూసింది. మొగుడి కోపం తగ్గేదాకా కదా అనుకుని, పట్టీని కెంపి తోకకు బిగించి కట్టింది.

అది ఈగల కాలం.

మూడోరోజు వసంతమ్మ పరుగెత్తుకొచ్చింది. "అవ్వా! తాత నిన్న ముప్పై వేల అడుగులు నడిచినాడంట! జిల్లాకే ఫస్టు! తాలూకా ఆఫీసరు రామచంద్ర సారైతే కుర్చీలోంచి లేచి నిలబడినాడు!"

పెరట్లో కెంపి తోకతో వీపుమీద ఒకటి వేసుకుంది. పిల్లమ్మకు అడుగుల లెక్క అర్థమైంది. నిజం చెబితే వసంతమ్మ పని పోతుంది. మాట మార్చింది.

"అయితే డాక్టరు వస్తాడా, అమ్మా?"

"ఏంటికొస్తాడు? ఇంత గట్టి మనిషికి డాక్టరెందుకని సారు లిస్టులోంచి పేరు కొట్టేసినాడు."

పిల్లమ్మ పెరటివైపు చూసింది. "ఆ పట్టీ తీసేస్తే?"

"ముప్పై వేలు నడిచేవాడు ఒక్కసారిగా ఆగిపోతే మిషను ఏమనుకుంటాది? మనిషి పోయినాడని రాసుకుంటాది. రేషన్ కార్డులోంచి కూడా తీసేస్తారు."

బతికున్న మొగుణ్ణి కాగితంలో చంపుకోవడం ఇష్టం లేక పిల్లమ్మ పట్టీని అలాగే వదిలేసింది. మిషను అడుగుల లెక్క ఎప్పటికప్పుడు పంపుతుంది, వేడి లెక్క వారానికోసారి కూడి పంపుతుంది. ఈ ముక్క వసంతమ్మకే తెలియదు.

ఎనిమిదో రోజు పొద్దున డైరీవాడు ఆ వీధి పాలు పోయించుకోలేదు. వెనకే మూడు ఆసుపత్రి బండ్లు వచ్చి ఆగాయి. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న మనుషులు దిగి వీధికి అడ్డంగా తాడు కట్టారు. తాలూకా ఆఫీసరు రామచంద్ర చేతిలో ట్యాబు పట్టుకుని తాడు ఇవతలే నిలబడ్డాడు.

"సొన్నప్ప ఎవరు? ఏడు రోజులుగా నూటొకటిన్నర డిగ్రీల జ్వరం! ఆ జ్వరంతోనే రోజుకు ముప్పై వేల అడుగులు! ఇదేం జ్వరమో, ఎంతమందికి అంటించాడో తెలియాలి. నిన్న పదకొండు నుంచి ఒంటిగంట దాకా చిన్నవెంకటప్ప రాగిచేనులో ఉన్నాడు."

గుంపులోంచి చిన్నవెంకటప్ప దూసుకొచ్చాడు. "నా చేనులోనా? నడిమిట్లో అంతా బోడి చేసి పెట్టింది నువ్వా సొన్నప్పా? ఈ వయసులో ఇదేం పని?"

"నేను పచ్చిరాగి తిన్నానా? మంచం దిగేదానికే నాకు మనిషి కావాల కదరా!"

బండిలోంచి దిగిన డాక్టరమ్మ కొత్తగా చేరిన పిల్ల. ముసలాయన నుదుటికి జ్వరం చూసే మిషను చూపించింది. "సార్, ఈయనకు జ్వరం లేదు."

"ఉంది! ఇక్కడ చూడండి, నూటొకటిన్నర! పైగా ఇప్పుడు కూడా నడుస్తున్నాడు!"

అందరూ గడప ముందున్న మంచంవైపు చూశారు. సొన్నప్ప కాళ్లు ముడుచుకుని కూర్చునే ఉన్నాడు. ట్యాబులో ఆ నిమిషపు అడుగుల అంకె నలభై అయింది, అరవై అయింది, తొంభై దాటింది. అప్పుడు డాక్టరమ్మ తలెత్తి పెరట్లోకి చూసింది. అక్కడ ఒక పచ్చదీపం గాలిలో అటునుంచి ఇటు, ఇటునుంచి అటు ఎగురుతోంది.

వీధి మొత్తం నవ్వింది. రామచంద్ర ముఖం మాత్రం ఎర్రబడింది. "వసంతమ్మా, నీ పని ఈ రోజుతో సరి! సర్కారు సొమ్ము ఆవు తోకకు కడతారా?"

పిల్లమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది. "ఆ పిల్లనేమీ అనొద్దు సారూ. ప్రాణముండే ఒంటికి కట్టమన్నారు, కట్టినాను. ఒక్క గడియ చల్లబడిందేమో చూసుకో. ఆ వేడి దానికెప్పుడూ ఉండేదే, పశువుల డాక్టరును అడిగితే చెప్తాడు. నేను మూడు సోమవారాలు ఈ మనిషిని మోసుకోని తిరిగినా, అడిగినోడు లేడు. ఆవు తోక ఊపితే మూడు బండ్లు వచ్చినాయి. ఇంగ యాడికి పోవాల నేను? నువ్వే చెప్పు."

సొన్నప్పకు పెళ్లాం మాటలకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు ఆగలేదు. ముఖం నల్లబడింది, చేతులు మంచంకోడు పట్టుకున్నాయి. డాక్టరమ్మ ఎదమీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"గనిలో ఎన్నేళ్లు చేసినారు తాతా? ఎవరూ ఎక్స్‌రే తీయలేదా?"

"ముప్పై ఏండ్లమ్మా. జిల్లాకే ఫస్టు నడిచేవాడికి... ఎక్స్‌రే ఏంటికి?"

"బండెక్కించండి," అంది ఆమె.

"జ్వరం ఉన్నవాళ్లకే ఈ బండి. రూలు ఒప్పుకోదు," అన్నాడు రామచంద్ర.

డాక్టరమ్మ ట్యాబు అందుకుని ఆయన ముఖానికి ఎదురుగా పట్టింది. "సొన్నప్ప, డెబ్బై నాలుగేళ్లు, జ్వరం నూటొకటిన్నర. మీ మిషనే చెబుతోంది కదా సార్."

రామచంద్ర ట్యాబు చూశాడు, కెంపిని చూశాడు. ఆవు తోక ఊపింది. ఆయన తాడు విప్పించాడు.

ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ రాతిముద్దలు పరిచినట్టు కనిపించాయి. పోయిన ఊపిరి తిరిగిరాదని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మందులిచ్చింది, గాలి అందించే మిషను ఒకటి ఇంటికి పంపింది. పదేళ్లలో మొదటిసారి సొన్నప్ప పక్కమీద వాలి నిద్రపోయాడు. పట్టీ ఒక్క గడియ కూడా చల్లబడలేదు కాబట్టి వసంతమ్మకు ఎర్రగీత పడలేదు, పనీ ఊడలేదు.

మరుసటి సోమవారం పొద్దున, పాత గనికార్మికుల పెళ్లాలు నలుగురు, చేతుల్లో కొత్త పట్టీలతో, పిల్లమ్మ పెరట్లోకి వచ్చి, తోకకు ఏ పక్కన కట్టాలని అడిగారు.