పదిహేడు కిలోమీటర్ల వంట

1973 డిసెంబరు తొమ్మిదో తేదీ ఆదివారం ఉదయం నాలుగు గంటల యాభై నిమిషాలకు గిద్దలూరులో మంచు పట్టి ఉంది. సగిలేరు వైపు నుంచి పలచని చలిగాలి వీస్తోంది. స్టేషను గోడకు వేలాడే ఉష్ణమాపకం పదహారు డిగ్రీలు చూపుతోంది. ఆ సమయానికి కాశీవిశ్వనాథం స్నానం ముగించి, విభూతి పెట్టుకొని, మోచేతి పొడవున్న ఇత్తడి గంటెను తువ్వాలులో చుట్టుకుంటున్నాడు. వయసు నలభై ఆరు, బరువు తొంభై కిలోలు, ఉద్యోగం రైల్వే రన్నింగ్ రూములో వంట.

రన్నింగ్ రూము అన్నది ఈ కథకు మూలకారణం కాబట్టి దాని సంగతి ముందుగా చెప్పాలి. రైలు నడిపే డ్రైవర్లను, గార్డులను, ఫైర్‌మన్లను రైల్వేవారు రన్నింగ్ స్టాఫ్ అంటారు. డ్యూటీ దిగిన తరువాత వాళ్ళు భోంచేసి నిద్రపోయే గది రన్నింగ్ రూము. గిద్దలూరు మొత్తం మీద అంత నిశ్చలమైన చోటు మరొకటి లేదు. అక్కడ కాశీవిశ్వనాథం పద్నాలుగేళ్ళుగా పొయ్యి నుంచి వడ్డించే బల్ల దాకా, బల్ల నుంచి పొయ్యి దాకా నడిచాడు. అంతకుమించి నడవవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

ఆయనకున్న కోరిక ఒక్కటే. బస్టాండు ఎదురుగా, నాగేశ్వర్లు నూనె దుకాణం పక్కన ఉన్న గదిలో తన సొంత భోజన హోటలు పెట్టాలి. ఆ గదికీ సొంతదారైన నాగేశ్వర్లు ఆచితూచి మాట్లాడే వర్తకుడు. పైగా, జిల్లాకు ప్రకాశం పేరు పెట్టి ఏడాదైన సందర్భంగా ఏర్పడిన ఉత్సవ సంఘానికి అధ్యక్షుడు.

"పదిమందికి వండేది వేరు విశ్వనాథం, పంక్తులేసి పెట్టేది వేరు. ఉత్సవానికి రెండువందల మంది భోజనాలున్నాయి. వేళకు వండి పెట్టు, గది నీదే. తప్పినావంటే మాత్రం పొదిలి నుంచి గుడ్డల షాపాయన రెండుసార్లు వచ్చి పోయినాడు, ఆయనకిచ్చేస్తా," అన్నాడు నాగేశ్వర్లు. "దరఖాస్తు మాత్రం సంఘానికి పెట్టు. పద్ధతి పద్ధతే."

కాశీవిశ్వనాథం పద్ధతిగానే రాశాడు: "నేను గిద్దలూరు రన్నింగ్ రూమునందు పద్నాలుగు సంవత్సరములుగా అనుభవము గలవాడను. ఎండవానలు లెక్కింపక, ఏనాడును వేళ తప్పి యెరుగను. అవకాశమిచ్చినచో తాలూకా పేరు నిలబెట్టగలను." వంట అన్న మాట రాయలేదు. ఆయన వంటవాడని గిద్దలూరులో తెలియనివారు లేరు.

సంఘం కార్యదర్శి రామలింగయ్య మాత్రం ఆరు వారాల కిందటే మార్కాపురం నుంచి వచ్చాడు. ఆయన బల్ల మీద రెండు కట్టలున్నాయి: ఒకటి దూరపు పరుగు పందెం దరఖాస్తులది, మరొకటి వంటవారిది. రన్నింగ్ రూములో పద్నాలుగేళ్ళ అనుభవమన్న వాక్యం చదివి, ఈ మారుమూల పట్నంలో పరుగుకని ప్రత్యేకంగా ఒక గది కట్టించినందుకు ఆయన లోలోపల రైల్వేవారిని అభినందించాడు. ఆ కాగితాన్ని మొదటి కట్టలో పెట్టాడు. తరువాతిది జ్ఞానయ్య అనే డ్రిల్లు మాస్టరుది. "ఒక్క మైదానములో రెండువందల మందిని తట్టుకొని నిలిచినవాడను" అని అందులో ఉంది. రెండువందల మంది అన్నది సరిగ్గా భోజనాల లెక్కే. అది రెండో కట్టలోకి వెళ్ళింది.

నాలుగో రోజున కాశీవిశ్వనాథానికి కార్డు వచ్చింది: "మీ దరఖాస్తు అంగీకరించబడినది. 9వ తేదీ ఉదయం ఆరు గంటలకు కొమరోలు బస్సు స్టాండువద్ద హాజరు కాగలరు."

"తినేది గిద్దలూరు హైస్కూల్లో అయితే, కొమరోల్లో ఎందుకు వండాల?" అని అడిగింది ఆయన భార్య పార్వతి, ఆ ఉదయం గడప దగ్గర నిలబడి.

"సంఘం వాళ్ళకు తెలీదా ఏంది? వండి లారీలో తెస్తారేమో."

"నేనూ వస్తా. కూరగాయలన్నా తరుగుతా."

"ఇంట్లో చారు కాచినట్ల కాదే అది. రెండువందల మందంటే మగోళ్ళ లెక్క. నువ్వు పండుకో పో," అని ఆయన మొదటి బస్సెక్కాడు.

కొమరోల్లో పొయ్యిలు కనిపించలేదు. నిక్కర్లు వేసుకున్న పదహారుమంది పడుచువాళ్ళు ఒంటికాలి మీద గెంతుతున్నారు. రామలింగయ్య ఎదురు వచ్చి, ఈ భారీ విగ్రహాన్ని చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. అనుభవం ఉన్నవారు ఎలాగైనా ఉంటారని సర్దుకొని, 17 అన్న అంకె ఉన్న గుడ్డను ఆయన బనీనుకు పిన్నీసులతో తగిలించాడు.

"అయ్యా, నేను వంటకొచ్చినా. పొయ్యిలేడ?"

"వంటంతా గిద్దలూరు హైస్కూల్లోనే. ముందు అక్కడికి చేరండి, భోజనం సంగతి తరువాత."

"గిద్దలూరికి బస్సెప్పుడు?"

"బస్సులు మధ్యాహ్నం దాకా ఆపేశాం. పందెం ఉంది కదా. అందరూ పరుగెత్తే వెళ్తారు!"

కాశీవిశ్వనాథం ఆ మాటను తనకు తెలిసినంతలో అర్థం చేసుకున్నాడు. సంఘం కొత్తది, జిల్లా కొత్తది. వంటవాళ్ళు కూడా పరుగెత్తి రావాలని కొత్త రూలేదో పెట్టి ఉంటారు. భోజనాలు పన్నెండుకు. రెండువందల మంది వంటకు మూడు గంటలు పడుతుంది. అంటే తొమ్మిదికల్లా పొయ్యి ముందుండాలి. ఇప్పుడు ఆరున్నర. దూరం పదిహేడు కిలోమీటర్లు. ఆయన పంచె ఎగగట్టి, గంటె భుజాన వేసుకున్నాడు. ఈల వినబడగానే పరుగెత్తాడు. ఆ పరుగుకు కారణం పొయ్యి తప్ప మరొకటి కాదు.

మొదటి కిలోమీటరులో పదహారుమందీ ఆయన కంటికి కనిపించకుండా పోయారు. రెండో కిలోమీటరులో ఊపిరి పోయింది. మూడో కిలోమీటరులో, అది ఎందుకు జరుగుతుందో ఏ వైద్యుడూ ఆయనకు ముందుగా చెప్పలేదు గాని, పోయిన ఊపిరి తిరిగి వచ్చింది. కుడివైపు వెలికొండ మీద ఎర్రని సూర్యబింబం లేచింది. ఎడమవైపు నల్లమల మీది మంచు, ఎవరో అంచు పట్టుకొని లాగుతున్నట్టుగా, మెల్లమెల్లగా పైకి పోయింది. పద్నాలుగేళ్ళుగా ఆ వేళకు పొగలోంచి కుండల అడుగులు మాత్రమే చూసిన మనిషి, కొండలు ఇంత దగ్గరగా ఉన్నాయని అప్పుడే గ్రహించాడు. తన కాళ్ళు తనను మోస్తున్నాయన్న సంగతీ అప్పుడే గ్రహించాడు. రెండింటిలో ఏది ఎక్కువ ఆశ్చర్యకరమో తేల్చుకోలేక కొంతదూరం నోరు తెరుచుకొనే పరుగెత్తాడు.

అయితే కిలోమీటరు రాళ్ళు ఆశ్చర్యానికి లొంగేవి కావు. గిద్దలూరు 12 అన్న రాయి దగ్గర ఏడున్నర దాటింది. ఆయన మనసులో బూరెలు తీసేశాడు. 9 అన్న రాయి దగ్గర పులిహోర మానుకున్నాడు. 8 అన్న రాయి దగ్గర గుత్తివంకాయను మామూలు వంకాయ కూరగా మార్చాడు. అక్కడే ఒక ఎద్దులబండి కనిపించింది. ఎక్కి కూర్చున్నాడు. నిమిషంలోనే సైకిలు మీద పర్యవేక్షకుడు వచ్చాడు.

"దిగు పెద్దాయనా! బండెక్కితే పేరు కొట్టేస్తాం!"

"కొట్టెయ్యొద్దు నాయనా! దిగినా, ఇదో దిగినా!" అంటూ కాశీవిశ్వనాథం దూకాడు. పేరు కొట్టెయ్యడమంటే ఆయన లెక్కలో వంట పోవడం, వంట పోవడమంటే గది పోవడం.

ఈ దృశ్యాన్ని పక్క చేలో కంది కోస్తున్న వెంకటసుబ్బులమ్మ అనే ముసలామె చూసింది. చేతిలో ఇత్తడి గంటె, నుదుట విభూతి, చెప్పుల్లేని పాదాలు, రొమ్ము మీద తెల్లగుడ్డ. బండి దొరికినా దిగి మరీ పరుగెత్తుతున్నాడు. ఆమెకు ఒక్కటే తోచింది. కుండెడు నీళ్ళు తెచ్చి ఆయన పాదాల మీద పోసింది.

"ఏం మొక్కు నాయనా ఇది?"

ఆయాసంలో ఆయనకు మొక్కు అన్న మాట వినబడలేదు. "రెండువందల మందికి... అన్నం పెట్టాలమ్మా... వేళ దాటితే... అంతా పోతాది..."

"రెండువందల మందికా!" వెంకటసుబ్బులమ్మ రెండు చేతులూ జోడించి, చేలోకి తిరిగి కేక వేసింది. "ఒసే, కొడవండ్లు ఆడ పడేసి రాండే! అన్నదానం మొక్కు మొక్కుకొని స్వామి పరుగెత్తుతా ఉండాడు. ఆయనొక్కణ్ణే పోనిస్తామా!"

ఏడుగురు వచ్చారు. తరువాతి ఊరి దగ్గర పదకొండు మంది కలిశారు. ఆ పై ఊళ్ళో ఒక డప్పు కలిసింది. మొక్కు సంగతి ఆయన కంటే ముందు పరుగెత్తుతోంది కాబట్టి, ప్రతి ఊరి మొదట్లోనూ జనం పసుపు నీళ్ళతో నిలబడి ఉన్నారు.

"నేను వంటోణ్ణమ్మా! రైల్వే వంటోణ్ణి!" అని ఆయన మొత్తుకున్నాడు.

"ఎంత అణకువో చూడండే," అన్నది వెంకటసుబ్బులమ్మ.

గిద్దలూరు 4 అన్న రాయి దగ్గర తొమ్మిదిన్నర అయింది. సాంబారు పోయి చారు మిగిలింది. అరికాళ్ళు చిట్లాయి. ఆగుదామా అంటే వెనుక నలభైమంది ఆగుతారు. ఆగిన నలభైమందికీ కారణం చెప్పాలి. చెప్పేందుకు ఊపిరి లేదు గాని, నడిచేందుకు ఎక్కడిదో కొంచెం ఉంది. అందువల్ల నడిచాడు.

ఇక్కడ గిద్దలూరులో అంతకు ముందే, ఏడున్నరకు, నాగేశ్వర్లు హైస్కూలు ఆవరణకు వచ్చాడు. బియ్యం బస్తాలు, కందిపప్పు, వంకాయల గంపలు వరుసగా ఉన్నాయి. పొయ్యిలు చల్లగా ఉన్నాయి. వాటి పక్కన కాన్వాసు బూట్ల యువకుడొకడు వంగి వంగి కాలి వేళ్ళు ముట్టుకుంటున్నాడు.

"వంటవాడివి నువ్వేనా?"

"నేను జ్ఞానయ్యను సార్, డ్రిల్లు మాస్టర్ని. పరుగు ఎప్పుడు మొదలు సార్?"

"కొమరోల్లో మొదలై గంటైంది కదయ్యా!"

"నన్ను ఆరింటికి హైస్కూలు పొయ్యిల కాడికి రమ్మని కార్డు రాసినారు సార్. పొయ్యిలెందుకబ్బా అని నేనూ అనుకుంటానే ఉండా."

నాగేశ్వర్లు నేరుగా కాశీవిశ్వనాథం ఇంటికి వెళ్ళాడు. పార్వతి కార్డు తెచ్చి చేతికిచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇది పందెం కార్డు గదమ్మా! రన్నింగ్ రూమంటే పరుగు నేర్పే గదని మా కార్యదర్శి అనుకున్నట్టుండాడు."

"పండుకునే గది అన్నా అది," అన్నది పార్వతి. మనసులో ఏం లెక్క వేసిందో గాని, కొంగు నడుముకు దోపుకున్నది. "పప్పెంత పోసినారు? చింతపండు నానేసినారా?"

"నీ వల్ల అవుతాదా తల్లీ? రెండువందల మంది!"

"ముందు పొయ్యి అంటియ్యాల. అవుతాదా కాదా అనేది తర్వాత చూసుకుందాం."

పందెంలో మొదటివాడు ఏడు గంటల నలభై ఒకటికే గీత దాటాడు. అతనికి కప్పు ఇచ్చారు. ఆవరణలోని వారందరి చూపూ మాత్రం పొయ్యిల వైపే ఉంది. పార్వతి నాలుగు గాడిపొయ్యిలకు నడుమ నిలబడి, గొంతు పెంచకుండా పని చెబుతోంది. గెలిచినవారూ ఓడినవారూ కలిసి పదహారుమంది పరుగువీరులు వంకాయలు తరుగుతున్నారు. బావి నుంచి నీళ్ళు తెచ్చే పని జ్ఞానయ్యది. ఆ ఉదయం అతను మొత్తం మీద ఎనభై బిందెలు మోశాడు. పందెంలో ఉంటే అంత పరుగు అవసరమయ్యేది కాదు.

పదకొండు గంటల పది నిమిషాలకు డప్పు వినబడింది. పసుపు నీళ్ళతో తడిసి, మెడలో బంతిపూల దండలతో, అరవైమంది జనం ముందు, కాశీవిశ్వనాథం హైస్కూలు గేటు దాటాడు. గీతకు కట్టిన దారం ఎప్పుడో తీసేశారు. ఆయన దానికోసం చూడలేదు కూడా. "పొయ్యి! పొయ్యి అంటియ్యండి! చారైనా పెడతా!" అంటూ గంటె ఎత్తి ముందుకు వచ్చాడు.

అప్పుడు ఆయన ముక్కుకు వాసన తగిలింది. ఆగిపోయాడు.

ఎదుట గుట్టలుగా అన్నం ఉంది. గుండిగల్లో పప్పు ఉంది, గుత్తివంకాయ ఉంది, సాంబారు ఉంది. దారి పొడవునా ఒక్కొక్క రాయి దగ్గర తాను వదిలేసి వచ్చినవన్నీ ఆకుల ముందుకు నడిచి వచ్చి కూర్చున్నట్టున్నాయి. పులిహోర తాంబాళంలో పసుపుపచ్చగా మెరుస్తోంది. బూరెలు బుట్టల్లో ఉన్నాయి. వాటి వెనుక, చెమటకు కుంకుమ కరిగిన ముఖంతో పార్వతి ఉంది. పదిహేడు కిలోమీటర్లు పరుగెత్తిన మనిషిని అరవైమంది చేతులు జోడించి చూస్తుండగా, ఆ మనిషి మాత్రం ఇరవై రెండేళ్ళుగా తన ఇంట్లోనే ఉన్న మనిషిని అంతకన్నా ఎక్కువ విస్మయంతో చూశాడు.

"ఉప్పు ఎవరు చూసినారు?" అన్నాడు.

"నేనే. కాళ్ళు కడుక్కొని కూచో. నీ యెనక ఆ జనమేంది?"

"అరవైమంది. తింటారంట."

"మూడొందల మందికి చేసినా. పరుగెత్తినోళ్ళు రెండింతలు తింటారని," అన్నది పార్వతి.

పన్నెండుకు పంక్తులు కూర్చున్నాయి. వెంకటసుబ్బులమ్మ మూడు బూరెలు తిని, మొక్కు చెల్లిందని స్వామికి చెప్పి, తన జనంతో బస్సెక్కింది. ఆకులు తీసిన తరువాత నాగేశ్వర్లు రొంటినున్న తాళంచెవి బయటికి తీశాడు. కాశీవిశ్వనాథం లేవబోయాడు. కాళ్ళు లేవలేదు.

"వేళకు వండినోళ్ళకు గది అని అన్నా. మాట మాటే," అంటూ నాగేశ్వర్లు తాళంచెవిని పార్వతి చేతిలో పెట్టాడు. "అమ్మా, అద్దె చీటీ నీ పేరునే రాస్తా. విశ్వనాథం, నీకేమన్నా అభ్యంతరమా?"

కాశీవిశ్వనాథం గుత్తివంకాయ ఇంకొకటి వేయించుకొని, నోట్లో పెట్టుకొని, కళ్ళు మూసుకొని చాలాసేపు నమిలాడు.

"నాదానికన్నా బాగుంది," అన్నాడు. "రాయండి."

ఆ హోటలు మరుసటి ఉగాదికి తెరిచారు. 1984లో దాని అవతలి గది కూడా ఖాళీ అయింది. దాన్నీ పార్వతి పేరనే తీసుకున్నారు.