కోడలు పుట్టింటికి పోయింది

ఆ రోజు పొద్దున కమలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆషాఢం వచ్చేసింది. కొత్త కోడలికి మంచి చీర కట్టించి పుట్టింటికి సాగనంపాలి, ఆ తర్వాత కాసేపు నడుం వాల్చాలి. అంతే.

చిక్కల్లా ఆ పుట్టింటితోనే. కోడలు లాన్‌ది వియత్నాం. చదువుకోవడానికి హైదరాబాదు వచ్చి, ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర మహీధర్‌తో ఒకే నిఘంటువు కోసం తగువు పడి, ఆ తగువును పెళ్లిదాకా తెచ్చింది. కన్నవాళ్లు పెళ్లికి రాలేకపోయారు. అప్పుడు గౌలిగూడలో ఉండే కమలమ్మ స్నేహితురాలు సునంద, ఆమె భర్త పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. శాస్త్రం ఒప్పుకుంది కాబట్టి లాన్‌కు పుట్టిల్లు గౌలిగూడే. కమలమ్మ ఉండే నాంపల్లి నుంచి ఆటోలో పోయి రావచ్చు.

మహీధర్ మాత్రం గొణిగాడు. "అమ్మా, లాన్ చదువు వీసా అయిపోవొచ్చింది. కొత్తది ఇయ్యాలంటే మేమిద్దరం ఒక్క ఇంట్లనే ఉంటున్నమని పోలీసులు చూసి పోవాలె. ఎప్పుడొస్తరో ఏమో. ఈ నెల జర ఆగు."

"నువ్వు ఊకో! ఆషాఢంల అత్తాకోడళ్లు ఒక్క గడప దాటుతరా ఏంది? నాకేమన్నా అయితే?"

"ఫికర్ చేయకు అత్తమ్మా, నేను పోత" అంది లాన్. ఆ పిల్ల తెలుగంతా అత్తగారి దగ్గర నేర్చుకున్నదే. ఆడపిల్ల లేని ఆ ఇంట్లో లాన్ వచ్చాకే కబుర్లూ నవ్వులూ మొదలయ్యాయి. కోడలంటే కమలమ్మకు ప్రాణం.

వారం తిరక్కుండానే కానిస్టేబుల్ పరశురాం వచ్చాడు. మహీధర్ ఆబిడ్స్‌లో తన కళ్లద్దాల దుకాణంలో ఉన్నాడు. కమలమ్మ కుర్చీ వేసి చాయ్ ఇచ్చింది.

"కోడలేదమ్మా?"

"పుట్టింటికి పోయింది సార్."

పరశురాం గ్లాసు కింద పెట్టాడు. "పోయిందా? ఎప్పుడొస్తది?"

"శ్రావణం రానియ్యున్రి."

"గంత దూరం ఒక్కతే పోయిందా?"

మోకాళ్ల నొప్పుల కమలమ్మకు గౌలిగూడ దూరమే. "దూరమని ఊకుంటమా సార్? మావాడే దగ్గరుండి ఎక్కించిండు" అంది. ఎక్కించింది ఆటో అని ఆమె భావం. విమానం అని ఆయనకు అర్థమైంది. భార్య స్వదేశానికి వెళ్లిపోయిందని రాసుకుని, చాయ్ బాగుందని చెప్పి మరీ వెళ్లాడు.

వీసా దరఖాస్తు కొట్టేశారు. మహీధర్ భార్యనూ తల్లినీ వెంటబెట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు.

"సార్, ఈమె యాడికీ పోలే. ఇగో, మీ ముందలనే ఉంది."

ఆఫీసరు కాగితం చూశాడు, లాన్‌ను చూశాడు, చివరికి కాగితాన్నే నమ్మాడు. "దేశం విడిచి వెళ్లిందని రిపోర్టు ఉంది. మరి తిరిగెట్లా వచ్చింది? పాస్‌పోర్టులో ముద్ర లేదే?"

"పోతే గద సార్ వచ్చేది!"

"రాలేదంటారు, ఎదురుగా నిలబెడతారు. దొంగదారిన వచ్చిందా?"

కమలమ్మ తనవల్లే కొంప మునిగేలా ఉందని ఆటో కట్టించుకుని వెళ్లి, సాక్ష్యానికి సునందను పట్టుకొచ్చింది.

"ఆషాఢం మొదలైన కాడికెల్లి పిల్ల మా ఇంట్లనే ఉంది సార్" అంది సునంద ధీమాగా.

"అంటే భర్త దగ్గర ఉంటలేదన్నమాట." ఆఫీసరు రాసుకున్నాడు. "ఇంతకీ మీరెవరు?"

"అమ్మను సార్. కన్యాదానం మేమే చేసినం."

"పాస్‌పోర్టులో అమ్మ పేరు వేరే ఉందే!" అది కూడా రాసుకున్నాడు.

ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. అయినా నెలాఖరులోగా లాన్ దేశం విడిచి పోవాలనీ, అక్కడినుంచే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలనీ ఉత్తర్వు వచ్చింది. అది ఎన్నాళ్లకు తేలుతుందో చెప్పే నాథుడు లేడు. మళ్లీ విచారణ జరపమని మహీధర్ అర్జీ పెట్టాడు. జవాబు రాలేదు.

బట్టలు సర్దుకోవడానికి వచ్చిన లాన్, ఆషాఢం ఇంకా పోలేదని గడప బయటే నిలబడింది. కమలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఇద్దరూ ఒక్కసారే గడప దాటారు.

"నాకేమన్నా కానీ! నా నోరే నిన్ను ఎల్లగొట్టింది బిడ్డా" అని బావురుమంది.

"ఏడవకు అత్తమ్మా. శ్రావణంల వస్త" అంది లాన్. ఏ శ్రావణమో ఆ పిల్లకూ తెలియదు.

ఆమె విమానం ఎక్కిన మూడోనాడు, శ్రావణ శుక్రవారం పూట, పరశురాం మళ్లీ వచ్చాడు. అర్జీ పనిచేసింది, మళ్లీ విచారణ చేయమన్నారు. ఆయన మర్యాదగా బూట్లు బయటే విప్పాడు.

"ఈసారి సక్కగ చెప్పమ్మా. కోడలేది?"

ఇంట్లనే ఉంది సార్ అనే జవాబును కమలమ్మ ఇన్నాళ్లుగా బట్టీ పట్టింది. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"పుట్టింటికి పోయింది సార్."

పరశురాం పాత కాగితం తీసి చూసుకున్నాడు. "గదే గదమ్మా, నేను మొదలు రాసింది!"

నిజమే, ఆయన రిపోర్టులో తప్పేమీ లేదు; కాస్త తొందరపడి రాశాడంతే.