ఆదర్శ ఆయా

2006 మార్చి 8, బుధవారం మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకు, టేకులపల్లి అవతలి గనుల కాలనీ క్లబ్బులో సంపూర్ణ అనే ఆయా మైకు ముందు నిలబడి ఒక కాగితం చదివింది. ఉద్యోగం, ఇల్లు రెండూ నడపడంలో తనకు ఏ ఇబ్బందీ లేదని అందులో ఉంది. చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. కాగితం ఆమె రాసింది కాదు.

సంపూర్ణది కంపెనీ దవాఖానాలో రెండో షిఫ్టు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. భర్త అంతోనయ్య గనిలో పైకప్పు కూలి చనిపోతే ఇచ్చిన ఉద్యోగం. కూతురు మహిమకు పదకొండేళ్లు. నిరుటి వానాకాలం దాకా ఇంట్లో అత్త వెంకమ్మ ఉండేది. కాలు విరిగి, బోనకల్‌లో పెద్దకొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. అప్పటినుంచి మహిమ బడి నుంచి వచ్చి, తానే తాళం తీసి, లోపల గడియ పెట్టుకుని, తల్లి వచ్చేదాకా ఒక్కతే ఉంటోంది. జనవరిలో రెండుసార్లు ఎవడో తాగి వచ్చి తలుపు కొట్టాడు. పొద్దుటి షిఫ్టు ఇవ్వమని సంపూర్ణ మూడు అర్జీలు పెట్టింది. మూడూ పరిశీలనలో ఉన్నాయి.

సోమవారం పర్సనల్ ఆఫీసర్ ఎబినేజర్ కబురు పెట్టాడు. షిఫ్టు వచ్చిందనుకుని సంపూర్ణ పరుగున వెళ్లింది.

"సంపూర్ణా, నువ్వు ఆదర్శ ఉద్యోగినివి!" అన్నాడు ఎబినేజర్.

"ఎప్పటి నుంచి సారూ?"

"ఇయ్యాల పొద్దుగాల నుంచి. మహిళా సమాజం మేడం ఒక పేరు అడిగింది. నేను నీ పేరు ఇచ్చిన. ఇగో, ఇది చదవాలె."

సంపూర్ణ అక్కడే నిలబడి చదివింది. "సారూ, నా బిడ్డ బడి నుంచి వచ్చే యాళ్లకు నేను ఎదురు పోయి ముద్దాడుతనని రాసిన్రు. అప్పుడు నేను వార్డుల బెడ్‌పాన్లు కడుగుతుంట."

"అవ్, తెలుసు."

"మరి గిది నిజం గాదు గదా?"

"ఇది నిజానికి సంబంధించింది కాదమ్మా, మహిళా దినానికి సంబంధించింది. ఆడ పెద్దసార్లంతా ఉంటరు. నీ పేరు వాళ్ల చెవిన పడ్డదనుకో, నీ అర్జీ నేనే పట్టుకపోయి సంతకం పెట్టిస్త. సభకు పోయిన టైము డ్యూటీ కిందనే రాయిస్త. ఇంకేం గావాలె?"

ఆ రాత్రి పడుకునే ముందు సంపూర్ణ కాగితం పైకి చదువుకుంటుంటే మహిమ పక్కలోంచి లేచింది.

"అమ్మా, ఆ పిల్ల ఎవ్వలు?"

"నువ్వేనే."

"నేను గాదు. మా అమ్మ గట్ల ఎదురు రాదు."

"వస్తనే. గిది ఒక్కటి చదివితే వస్త. పండు."

మహిళా సమాజం అధ్యక్షురాలు అరుణశ్రీ. జనరల్ మేనేజర్ భార్య. ఆ సమాజంలో పదవులు భర్తల హోదాను బట్టి వస్తాయి. పదిహేనేళ్లలో ఎన్నిక జరగలేదు. జనరల్ మేనేజర్‌కు బదిలీ అయిన రోజున అధ్యక్షురాలు మారుతుంది. ఆ ఏటి సభ అంశం: మారుతున్న ప్రపంచంలో మహిళా నాయకత్వం.

క్లబ్బు గుమ్మంలో గుమాస్తా సారయ్య రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు. కుర్చీలు ఆ రిజిస్టరు ప్రకారమే.

"భర్త హోదా ఏంది వదినా?"

"ఆయన లేడు గదా సారయ్యా."

"మనిషి లేకున్నా హోదా ఉంటది గదా."

"బొగ్గు నింపేటోడు. నేను ఆయాను, అది రాయి."

"నీదానికి గడి లేదు. నేనేం జేత్తును?"

సారయ్య 'కీర్తిశేషులు, కోల్ ఫిల్లర్' అని రాసి, చిట్టచివరి వరుస చూపించాడు. ఆనాటి ముఖ్య వక్త అక్కడ కూర్చుంది.

అరుణశ్రీ సభను ప్రారంభించింది. "స్త్రీ తన స్థానాన్ని తానే సంపాదించుకోవాలి!" అంది. మొదటి వరుసవారు ముందుగా, తర్వాతి వరుసలవారు తర్వాత చప్పట్లు కొట్టారు.

సంపూర్ణ చదివింది. అరుణశ్రీ శాలువా కప్పి, మైకు ఆమె వైపు తిప్పింది.

"ఇదంతా ఎలా చేసుకొస్తున్నావమ్మా? మా అందరికీ ఆ రహస్యం చెప్పాలి."

కాగితంలో ఈ ప్రశ్న లేదు. సంపూర్ణ ఎబినేజర్ వైపు చూసింది. అతను పైనున్న ఫ్యాను చూస్తున్నాడు.

"చేసుకొస్తలేను మేడం," అంది. "నాతోని ఐతలేదు. బిడ్డ ఒక్కతే ఉంటది. భయపడుతది. పొద్దుటి షిఫ్టు ఇయ్యమని మూడు అర్జీలు పెట్టిన."

అరుణశ్రీ చిరునవ్వు నవ్వింది.

"విన్నారా! ఇన్ని చేస్తూ కూడా తన వల్ల కావడం లేదంటోంది! వినయం అంటే ఇదీ!"

ఈసారి అన్ని వరుసలూ ఒకేసారి చప్పట్లు కొట్టాయి.

సభ నాలుగింటికి ముగిసింది. కాన్వెంటు బస్సు నాలుగుంపావుకు ఆఫీసర్ల కాలనీకి వస్తుంది. పిల్లలు ఇంటికి వచ్చేవేళకు తల్లి గుమ్మంలో ఉండితీరాలని అధ్యక్షురాలి అభిప్రాయం. ఆమె ఆ మాట మైకులోనే చెప్పి వెళ్లింది. సంపూర్ణ శాలువా మడిచి చంకలో పెట్టుకుని దవాఖానాకు వెళ్లింది.

మార్చి 27న జవాబు వచ్చింది. "తమరి అర్జీలు మూడింటినీ పరిశీలించడమైనది. 8-3-2006 నాటి సభలో ఏ ఇబ్బందీ లేదని తమరే స్వయంగా ప్రకటించియున్నందున, షిఫ్టు మార్పునకు తగిన కారణం కానరాదు. పైగా, రెండో షిఫ్టు ఆయాలకు ఆదర్శంగా తమరిని మరొక సంవత్సరం అదే షిఫ్టులో కొనసాగించవలసినదిగా మహిళా సమాజం కోరియున్నది."

సంపూర్ణ ఆ కాగితం పట్టుకుని ఎబినేజర్ దగ్గరికి వెళ్లింది.

"సారూ, ఆ సభ కాగితం రాసింది మీరే గదా?"

"రాసింది నేనే. చదివింది నువ్వు."

"తర్వాత నోటితోని చెప్పిన గదా, ఐతలేదని?"

"అది సభ మినిట్స్‌లో వినయం కింద రాసిన్రు."

ఉత్తర్వు అందినట్టు సంతకం చేసి, సంపూర్ణ రెండింటికి డ్యూటీ ఎక్కింది.

మార్చి 30, గురువారం సాయంత్రం ఐదున్నరకు మహిళా సమాజం పంపిన అభినందన పత్రం ఆమె క్వార్టరుకు చేరింది. మహిమ లోపలి గడియ తీసి, సంతకం చేసి తీసుకుంది.