గడియ లేని మండలి

పిల్లలు ఆరోగ్యంగా పెరగాలంటే మంచినీళ్ళు, గాలి, కడుపునిండా తిండి కావాలని ఇంకా కొందరు నమ్ముతున్నారు. పాపం, అమాయకులు! పిల్లలకి కావలసింది సలహా మండలి.

ఈ మాట నేను ఊరికే అనటం లేదు. మా ఊరి పరిధిలోని పదకొండు బడులకీ కలిపి, తల్లిదండ్రులే నడిపే ఆరోగ్య సలహా మండలి ఒకటి పెట్టుకున్నాం. దానికి కార్యదర్శిని నేను. మినిట్స్ రాసేదీ నేనే. మీ తెలుగు బాగుంటుందండీ అని అందరూ అంటే కాదనలేకపోయాను.

నాలుగు నెలల్లో ఏం చేశారని అడగకండి. ఏం చెయ్యలేదో అడగండి! మొదటి నెలంతా పేరులో 'ఆరోగ్యం' ముందుండాలా, 'సలహా' ముందుండాలా అని చర్చించాం. అధ్యక్షురాలు పళ్ళ డాక్టరుగారు. లోగోలో పన్ను ఉండాలన్నారు. జిమ్ నడిపే తండ్రి ఒకాయన కండ ఉండాలన్నాడు. చివరికి కండ తిరిగిన పన్ను గీయించాం. ఒకటో తరగతి పిల్లలు దాన్ని చూసి జడుసుకుంటున్నారట. ఆరోగ్యమంటే ఆమాత్రం భయం ఉండొద్దూ?

వాటిలో పెద్ద బడిలో, అంటే మా అమ్మాయి చదివే బడిలోనే, పాత లైబ్రరీ గది మాకిచ్చారు. పిల్లల ఆరోగ్యమంటే గోప్యమైన వ్యవహారం కదా, అందుకని మొట్టమొదటి తీర్మానంగా ఆ తలుపుకి లోపలివైపు ఇత్తడి బోల్టు ఒకటి వేయించుకున్నాం. ఒక్కరోజులో పనైపోయింది. మేం తలుచుకుంటే అంతే.

రెండో సమావేశానికి బట్టలు కుట్టే ఒకావిడ వచ్చింది. ఆవిడ కూతురూ మా అమ్మాయీ ఎనిమిదో తరగతిలో ఒకే బెంచీ.

"ఆడపిల్లల బాత్రూముకి గడియ లేదండీ. పోయినేడాది నుంచీ ఇంతే. కాస్త చూద్దురూ," అంది.

"నోట్ చేసుకుంటామమ్మా," అన్నారు అధ్యక్షురాలు. సరిగ్గా అప్పుడే టీ వచ్చింది. ఒక చేత్తో కప్పు పట్టుకుని రాయటంవల్ల నా వాక్యం కొంచెం కుదించుకుపోయింది: 'బాత్రూముకు ఆడపిల్లలకు గడియ లేదు.'

మూడో సమావేశంలో దాన్ని చదివి వినిపించాను. ఆవిడ రాలేదు. పనిరోజు పొద్దున్న పదకొండింటికి మిషన్ వదిలి రావటం కుదరదట. ఆరోగ్యం మీద శ్రద్ధ లేనివాళ్ళని ఏం చేస్తాం!

"గడియంటే ఎంతసేపండీ?" అన్నాడు జిమ్ ఆయన.

"ఇరవై నాలుగు నిమిషాలు," అన్నాను ఠక్కున. తెలుగు వచ్చినవాణ్ణి కదా!

"బాత్రూముకి ఇరవై నాలుగు నిమిషాలా? నిద్రపోతారా ఏంటి అందులో?"

ఆవిడ అసలేమందో అధ్యక్షురాలికి గుర్తులేదు. నాకూ లేదు. మినిట్స్‌లో ఉన్నదే జరిగినట్టు, అది మా నియమావళి. వెంటనే కాలవినియోగ ఉపసంఘం వేసి పిల్లలకి ఫారాలు పంచాం. తేలిందేమిటో తెలుసా? ఆడపిల్లల్లో సగానికి పైగా రోజంతా బాత్రూముకి వెళ్ళటమే లేదు! ఉన్న సమయమే వాడని వాళ్ళకి అదనపు సమయం ఎందుకు?

నేనూ ఒక సాక్ష్యం చెప్పాను. మా అమ్మాయి నీళ్ళ సీసా నింపింది నింపినట్టే ఇంటికొస్తోంది, అంటే బడిలో నీళ్ళకి కొదవ లేదన్నమాట. అందరూ చప్పట్లు కొట్టారు. నివేదిక విద్యాధికారికి పంపితే 'మీ సలహా అందినది' అని జవాబొచ్చింది. ఫ్రేము కట్టించాం. క్లాసు మధ్యలో ఒక్కసారీ లేవని పిల్లలకి సర్టిఫికెట్లు ఇచ్చాం. మొదటిది మా అమ్మాయికే. కండ తిరిగిన పన్ను పక్కన దాని పేరు చూసి పొంగిపోయాను.

ఆ వారమే దానికి జ్వరం, పొత్తికడుపులో నొప్పి.

"నీళ్ళు తాగట్లేదు. పైగా ఆపుకుంటోంది. ఇన్ఫెక్షన్ వచ్చింది," అన్నారు డాక్టరు. అమ్మాయి నా వంక చూడలేదు.

"తలుపు పడదు నాన్నా. ఇదివరకు నేను వెళ్తే నా బెంచీలో పిల్ల పట్టుకునేది, అది వెళ్తే నేను పట్టుకునేదాన్ని. ఒకరోజు అది లోపలుండగా ఎవరో తలుపు తోసేశారు. అందరూ నవ్వారు. అది బడికి రావటం మానేసింది. ఇంక నాకెవరు పట్టుకుంటారు?"

"గడియ లేదని ఆ పిల్ల తల్లి మీ మండలికి వచ్చి మొత్తుకుందట కదండీ!" అంది మా ఆవిడ.

"సమయం చాలటం లేదేమో అనుకుని..." అన్నాను.

"మీ తెలుగు తగలెయ్య! గడియంటే గొళ్ళెం అండీ, గొళ్ళెం!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇది మినిట్స్‌లో లేదు, మీకే చెబుతున్నాను.

మర్నాడు బడి తెరవకముందే స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళాను. మా సమావేశ గది తలుపుకున్న ఇత్తడి బోల్టు ఊడదీసి, ఆయమ్మని తోడు పెట్టుకుని ఆడపిల్లల బాత్రూముకి బిగించాను. నాలుగు స్క్రూలు. అర గడియ పట్టింది.

అక్కణ్ణుంచి బట్టలు కుట్టే ఆవిడ ఇంటికి వెళ్ళి, మీ అమ్మాయిని పంపండమ్మా అన్నాను. ఆవిడ మిషన్ ఆపలేదు.

"ముందు మీ అమ్మాయిని వెళ్ళి చూసి రానివ్వండి," అంది.

జ్వరం తగ్గాక మా అమ్మాయి వెళ్ళింది. సాయంత్రం సీసా ఖాళీగా తెచ్చింది. రెండో రోజు బెంచీలో ఇద్దరూ ఉన్నారట.

అందుకే మళ్ళీ అంటున్నాను, ప్రతి చోటా మండలి ఉండి తీరాలి. మండలే లేకపోతే ఆ బోల్టు ఎక్కణ్ణుంచి వచ్చేది?

మొన్న సమావేశానికి అందరూ వచ్చారు. అధ్యక్షురాలు కూర్చోబోయి, తలుపు వంక చూసి ఆగిపోయారు.

"బోల్టేదండీ? ఎవరైనా తోసుకుని వచ్చేస్తే? ఇలాంటి గదిలో మనుషులు కూర్చోగలరా?"

ఎవరూ కూర్చోలేదు. సమావేశం వాయిదా పడింది. ఈసారి టీ పక్కన పెట్టి, ప్రతి అక్షరం చూసుకుంటూ రాశాను: 'తలుపుకు గడియ లేనందున సభ్యులు రెండు నిమిషాలు కూడా ఉండలేకపోయారు.'