బిక్షపతి కుంటి నడక

రేపటి నుంచి పొద్దున్నే అయిదింటికి లేచి పరుగెత్తాలని బిక్షపతి నిర్ణయించుకున్నాడు. మణుగూరు దగ్గర ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఇరవై రెండేళ్లుగా డంపర్ తోలుతున్న మనిషి. వయసు యాభై నాలుగు. ఈమధ్య పొట్ట స్టీరింగుకు తగులుతోంది. ఇంకో తొమ్మిది రోజుల్లో కంపెనీ దవాఖానాలో పరీక్ష. అందులో తప్పితే డంపర్ దింపేసి ఆఫీసులో మంచినీళ్ల దగ్గర నిలబెడతారు. ఆ డంపర్ చక్రమే అతనికంటే ఎత్తు. పైన కూర్చుంటే గుట్టలు దాటి అడవి కనిపిస్తుంది. అంత ఎత్తునుంచి నీళ్ల గ్లాసుల దగ్గరికి దిగడమంటే అతనికి ప్రాణం పోయినట్టే.

పరుగుకు బూట్లు కావాలి. ఇంట్లో ఉన్నవి గని బూట్లే. వేళ్ల దగ్గర లోపల ఇనప రేకు, ఒక్కొక్కటీ కిలో బరువు.

"గవేస్కొని ఉరుకుతవా?" అంది భార్య బతుకమ్మ.

"బరువు బూట్లతోని అలవాటైతే, పరీక్ష నాడు ఉత్త కాళ్లు గాలిల తేలుతయే!"

నాలుగు రోజులు పినపాక రోడ్డు అదిరిపోయేలా పరుగెత్తాడు. అయిదో రోజు మంచం దిగేసరికి మోకాళ్ల కింద, ముందరి ఎముకల వెంబడి నిప్పులు పోసినట్టయింది. మడమ వెనక నరం తాడులా బిగుసుకుంది. ఒక్కగానొక్క కూతురు మధులతకు ఫోన్ చేశాడు. ఆమె పినపాకలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు.

"ఏ బూట్లతోని ఉరికినవ్ నాన్నా?"

"కంపెనీయి."

మధులత టీచరు గొంతుతో మొదలుపెట్టింది.

"రెండు వారాలు ఉరుకుడు బంద్. ఐసు గుడ్డల చుట్టి పావుగంట పెట్టు, రోజుకు మూడు నాలుగు సార్లు. కూసున్నప్పుడు కాళ్లు ఎత్తు మీద పెట్టు. గోడకు చేతులానిచ్చి పిక్కలు మెల్లగ సాగదీయి. నొప్పైతే ఆపు. ఆ బూట్లు మాత్రం గనిలనే ఇడిచిపెట్టు."

"నాలుగు రోజులల్ల పరీక్ష ఉంది బిడ్డా!"

"ఉంటే కుంటుకుంట పో."

కుంటుకుంటూ ముందు మన్సూర్ సోడా దుకాణానికి పోయాడు, ఐసు కోసం. అసలు చిక్కు అక్కడే మొదలైంది. వాళ్లుండే కంపెనీ కాలనీలో ఒక వాడుక ఉంది. పనిచేసే మనిషిని డాక్టర్లు పూర్తిగా అన్‌ఫిట్ అని రాస్తే నౌకరి పిల్లలకు వస్తుంది. అందుకే అక్కడ యాభై దాటిన కాలు కుంటితే ఎవరూ జాలిపడరు, శుభాకాంక్షలు చెబుతారు.

మన్సూర్ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "కాకా, మంచిగ కుంటుతున్నవ్. నౌకరి మధులతకేనా?"

"ఏ నౌకరి? నిజంగనే నొస్తున్నయ్ మన్సూర్!"

"అవ్, అవ్. నాకెందుకు జెప్తున్నవ్, డాక్టర్‌కు జెప్పు." ఐసుకు పైసలు కూడా తీసుకోలేదు.

సాయంత్రం బిక్షపతి వరండాలో గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి చాపి పిక్కలు సాగదీస్తున్నాడు. పక్క క్వార్టర్ జైరాం అదే గనిలో డంపర్ తోలుతాడు, వరసకు బావమరిది. మెట్ల మీద కూర్చుని శ్రద్ధగా చూశాడు.

"బావా, ఓ మాట జెప్త, ఏమనుకోకు. పొద్దుగాల ఎడమ కాలు కుంటినవ్. ఇప్పుడు కుడి కాలు. డాక్టర్‌కు దొరికిపోతవ్. ఒక్క కాలు ఖాయం జేస్కో."

"రెండూ నొస్తున్నయ్‌రా!"

"గదే వద్దంటున్న. అంత ఆశ పనికిరాదు."

బిక్షపతి చెప్పు తీశాడు. విసరడానికి ఒంటికాలి మీద నిలబడలేక కూలబడ్డాడు. "గిది మాత్రం అద్దిరింది బావా!" అని జైరాం చప్పట్లు కొట్టాడు.

మర్నాడు నల్లా దగ్గర ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ మూగి, బిడ్డకు నౌకరి వస్తోందట కదా అన్నారు. ఆమె బిందె ఖాళీగానే మోసుకొచ్చింది.

"వాడకట్టంతా ఎరికె, నాకు తప్ప! ఇంత పెద్ద ఆలోచన జేసి పెండ్లానికి జెప్పవా?"

"నేనేం ఆలోచన జెయ్యలేదే! నా డంపర్ నాకు గావాలె!"

బతుకమ్మ కళ్లు తుడుచుకుంది. "బిడ్డ కోసం గట్లనే దాచిపెడ్తరులే తండ్రులు."

ఆ రాత్రి కూరలో ఆమె రెండు కోడిగుడ్లు ఎక్కువ వేసింది. బిక్షపతి వాటిని పళ్లెం అంచుకు నెట్టాడు. తన డంపర్‌ను తన ఇల్లే కూతురి చేతికిచ్చేసింది.

పరీక్ష రోజు జైరాం అతనికంటే ముందే దవాఖానాకు వెళ్లాడు. కాంపౌండర్‌ను పక్కకు పిలిచి, "మా బావ అన్‌ఫిట్ కోసం వస్తుండు, జర సూస్కోండ్రి" అని చెప్పి వచ్చాడు. కాంపౌండర్ ఆ మాట డాక్టర్ చెవిన వేశాడు.

డాక్టర్ బీపీ చూశాడు, షుగర్ చూశాడు, కళ్లు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆ తలుపు దాకా నడువు."

బిక్షపతి పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి నడిచాడు. మూడో అడుగుకు ఎడమ కాలు కుంటింది. నాలుగో అడుగుకు కుడిది.

"నొప్పా?" అన్నాడు డాక్టర్.

"లేదు సార్! అసలేం లేదు! ఫస్ట్‌క్లాస్ ఉన్న!" నుదుటి మీద చెమట కారుతోంది.

డాక్టర్ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "నా పద్దెనిమిదేళ్ల సర్వీసులో అందరూ నొప్పి ఉందని కుంటారు. నొప్పి లేదని కుంటేవాణ్ణి నిన్నే చూస్తున్నా. చాలా తెలివైనవాడివి. కానీ నా దగ్గర కాదు." కాగితం మీద టప్పున ముద్ర కొట్టాడు. ఫిట్.

బిక్షపతి ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని, గంతేయబోయి, నొప్పికి కెవ్వుమన్నాడు. బయట నిలబడ్డ కాలనీవాళ్లకు ఆ కేక ఏడుపులా వినిపించింది. ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని, ఓదారుస్తూ ఇంటికి తెచ్చారు.

అతను రెండు వారాలు సెలవు పెట్టాడు. మధులత మెత్తటి బూట్లు తెచ్చింది, రెండు పూటలా దగ్గర కూర్చుని ఐసు పెట్టింది. మొదటి సాయంత్రం, కాళ్లు రెండూ దిండ్ల మీద ఉన్నప్పుడు, జైరాం పరామర్శకు వచ్చాడు. పక్కన కూర్చుని దిండు సర్దాడు.

"బాధపడకు బావా. నీ దిక్కెల్లి తప్పేం లేదు. ఆ డాక్టరే నీ కాళ్లు సక్కగ సూడలే."

ఇన్ని రోజుల్లో జైరాం అన్న మాటల్లో నిజమైంది అదొక్కటే.