కరెంటు సైకిలెక్కి నేను కొండెక్కిన వైనం

ఆయాసపడి సంపాదించుకున్న ఆరోగ్యం అసలు ఆరోగ్యమే కాదు! ఈ మాట నేను ఘంటాపథంగా చెబుతున్నాను. డాక్టర్లు వింటే విననివ్వండి.

మా డాక్టరు పోయిన నెల నా పొట్టను వేలితో రెండుసార్లు నొక్కి చూశాడు. "నడవండి, లేదంటే సైకిల్ తొక్కండి. రెండూ చెయ్యకపోతే నా దగ్గరికి రాకండి" అన్నాడు. నేను ప్రూఫులు దిద్దుకుని బతికేవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా కుర్చీలో కూర్చుని పరాయివాళ్ళ తప్పులు పట్టుకోవడమే నా వ్యాయామం. పైగా మా ఇల్లు కొండ కింద. నా బరువు కొండెక్కింది, బీపీ కొండెక్కింది. నేను మాత్రం ఎక్కలేదు.

అప్పుడు దిగాడు మా బావమరిది, దేవుడు పంపినట్టు. వాడికి సైకిళ్ళ దుకాణం ఉంది. అందులోంచి ఒక కొత్త బండి తెచ్చి మా గుమ్మంలో నిలబెట్టాడు.

"బావా, ఇది ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్. నువ్వు తొక్కుతున్నట్టు నటిస్తే చాలు. మిగతాది అదే చూసుకుంటుంది."

నటిస్తే చాలట! మరి ఆఫీసులో ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నదేమిటి? ఇంత అనుభవం ఉన్న పని ఇన్నాళ్ళకు దొరికింది!

చూశాను కదా, కళ్ళు చెదిరాయి. టైర్లు నా దండచెయ్యంత లావు. హ్యాండిల్ మీద చిన్న స్క్రీను. దాంట్లో ఎకో, టూర్, స్పోర్ట్, టర్బో అని నాలుగు మెట్లు.

మా ఆవిడ ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. అందుకని ఆవిడకు ప్రతిదానికీ ఒక పద్ధతి. గుమ్మంలో నిలబడి, "హెల్మెట్ బిగించుకోండి. ముందు ఎకోలో పెట్టండి" అంది.

ఎకో అంటే పొదుపు. జీవితంలో మొదటిసారి రెక్కలొస్తే పొదుపుగా ఎగురుతామా? టర్బో నొక్కాను.

పాఠకులారా, ఎడమకాలు ఒక్కసారి కిందికి వేశాను. అంతే! మా గేటు వెనక్కి వెళ్ళిపోయింది. పక్కింటి టైలరు పలకరిద్దామని నోరు తెరిచాడు. ఆయన నోరు మూసేలోగా నేను మలుపు తిరిగాను. ఆయన దగ్గర ఇరుక్కుంటే కనీసం అరగంట! ఇలాంటి బండిని ప్రభుత్వమే ఇంటింటికీ పంచాలా, వద్దా?

కొండ మీద నీళ్ళ ట్యాంకు దాకా గులకరాళ్ళ బాట. బండి ఎగిరింది, నేనెగిరాను, నా కళ్ళజోడూ ఎగిరింది. దిగేటప్పుడు మాత్రం ముగ్గురం ఎవరి చోట వాళ్ళం దిగాం. దాన్నే సస్పెన్షన్ అంటారట. మా ఆఫీసులో ఆ మాటకు వేరే అర్థం ఉంది!

సగం ఎత్తులో ముందు ఒక పాత సైకిలు కనిపించింది. దాని మీద లేచి నిలబడి తొక్కుతున్నారు మా డ్రిల్లు మాస్టారు. డెబ్బై దాటిన మనిషి. బడిలో ప్రతి పరుగులోనూ ఆఖరున వచ్చానని నాకు 'నత్త' అని పేరు పెట్టినవారు ఆయనే. ఆ పేరు నేను నలభై ఏళ్ళుగా మోస్తున్నాను.

"నమస్కారం మాస్టారూ!" అంటూ పక్కనుంచి దూసుకుపోయాను.

"ఎవర్రా అది? ఒరేయ్ నత్తా, నువ్వట్రా!"

"నేనే మాస్టారూ!"

"ఒరేయ్, కాస్త రొప్పరా! లేకపోతే చూసేవాళ్ళకు అనుమానమొస్తుంది!"

రొప్పితే కదా! నలభై ఏళ్ళ అవమానం ఆ ఒక్క మలుపులో తీరిపోయింది. ఆ ఆనందంలో ట్యాంకు ఎప్పుడొచ్చిందో, ఎలా తిరిగానో నాకు తెలియదు. ఎందుకంటే అప్పటికి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. దిగుతుంటే దారిపొడుగునా ఎవరో గావుకేకలు పెట్టారు. ఇంటికొచ్చాక గొంతు బొంగురుపోయి ఉంటే అర్థమైంది, ఆ ఎవరో నేనే.

మా ఆవిడ నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది. "భయపడ్డట్టు ఆధారం ఉంది. వ్యాయామం చేసినట్టు లేదు" అని తేల్చింది. తర్వాత బండి వైపు చూసింది. "ఒకసారి ఇటివ్వండి. మలుపు దాకా వెళ్ళొస్తాను."

"నీకెందుకే? పడితేనో?"

"రోజూ వందమందికి సూది గుచ్చే చెయ్యండీ ఇది. వణకదు."

ఎకోలో పెట్టుకుని వెళ్ళింది. పది నిమిషాలయింది. అరగంటయింది. నేను గేటు దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరుగుతున్నాను. టైలరు తల బయటపెట్టి, "మేడమ్ గారు పైకి వెళ్ళారండీ, ఈలేసుకుంటూ!" అన్నాడు. ఈలా? మా ఆవిడకు ఈల వచ్చునా?

గంటకు వచ్చింది. జుట్టంతా రేగిపోయింది. బుగ్గ మీద మట్టి. నవ్వు ఆగడం లేదు.

"పైన దిగి కూర్చున్నానండీ. ఊరంతా కనిపిస్తోంది. మా ఆస్పత్రి అగ్గిపెట్టెంత ఉంది! మన మేడ మీద ఆరేసిన నీలం దుప్పటి కూడా కనపడింది. మీరు చూశారా?"

నేను ఏం చూశానని చెప్పను? గొంతు సవరించుకుని, "ఎక్కడికి కావాలన్నా నేను తీసుకెళ్తూనే ఉన్నాను కదా" అన్నాను.

"తీసుకెళ్ళారు. ఇరవై ఆరేళ్ళుగా స్కూటర్ మీద మీ వీపు తప్ప ఇంకేం చూశానండీ?" అంది, నవ్వుతూనే.

కోపంగా అని ఉంటే పోట్లాడేవాణ్ణి. నవ్వుతూ అంది.

ఇది జరిగి మూడు వారాలు. ఇవి మొదటి సవారీ ముచ్చట్లని మీరు గమనించే ఉంటారు. రెండో సవారీ ముచ్చట్లు ఎందుకు రాయలేదంటే, నా వంతు ఇంకా రాలేదు. ఆవిడ పొద్దున కొండ మీదుగా డ్యూటీకి వెళ్తోంది. సెలవు రోజున మాస్టారితో పందెం కూడానట!

స్కూటరెక్కితే నా వెనక ఎవరూ లేరని నడుముకు తెలిసిపోతోంది. అందుకని దాన్ని మూలన పెట్టాను. ఆఫీసుకు నడిచి వెళ్తున్నాను. సాయంత్రం ఆవిడకు ఎదురుగా కొండ మొదటి మలుపుదాకా నడుస్తున్నాను. రెండు కిలోలు తగ్గాను! డాక్టరు వీపు తట్టాడు. చూశారా ఈ బండి మహిమ? ఎక్కకపోయినా పనిచేస్తుంది!

నిన్న సిగ్గు విడిచి అడిగేశాను. "నన్ను కూడా ఒకసారి పైకి తీసుకెళ్ళవూ? ఈసారి కళ్ళు తెరుచుకుంటాను."

ఆవిడ బండిని ముందు నుంచి వెనక దాకా జాలిగా చూసింది.

"తీసుకెళ్దును గానీ, ఎక్కడ కూర్చుంటారండీ?"

అయ్యా కంపెనీవారూ! ఇంత తెలివైన బండి చేశారు, నాలుగు మెట్లు పెట్టారు, స్క్రీను పెట్టారు. వెనక ఒక్క సీటు పెట్టడానికి మీకు చేతులు రాలేదా?