అందరి మాటా వినే లైటు

విజయవాడ పెళ్లిళ్ల చరిత్రను తీగకు ముందు, తీగకు తర్వాత అని రెండుగా విభజించాలని ప్రజలందరి తరఫునా ప్రతిపాదిస్తున్నాను. తీగకు ముందు, ఫొటోగ్రాఫరు కెమెరాకూ లైటుకూ మధ్య పాకే వైరు తట్టుకుని ఏటా కొందరు వియ్యంకులు బోర్లా పడేవారు (కొందరిని అందుకే ఆ పక్కన కూర్చోబెట్టేవారని వినికిడి). 2003లో గవర్నర్‌పేట స్టూడియో కృపానందం గారు ఆ వైరు పీకేశారు.

ఆయన ఏర్పాటు ఇది. కెమెరా మీద చిన్న ఫ్లాష్, పీటల పక్కన స్టాండు మీద పెద్ద ఫ్లాష్, దానికో చిన్న కన్ను. చిన్నది మెరిస్తే ఆ కన్ను చూసి పెద్దది వెలుగుతుంది. అసలు వెలుతురంతా పెద్దదానిదే, చిన్నది సైగ చేయడానికే. ఒకసారి వెలిగాక పెద్దది మళ్లీ పుంజుకోవడానికి పది సెకన్లు పడుతుంది (ప్రభుత్వ కార్యాలయాల్లో దీన్నే భోజన విరామం అంటారు). లోపం ఒక్కటే. సైగ ఎవరు చేశారన్నది దానికి అనవసరం. ఏ కెమెరా మెరిసినా వెలిగి కూర్చుంటుంది.

సుస్మిత పెళ్లిలో అలా మెరిపించినవారు ఆమె బాబాయి సంజీవరావు గారు.

మన పెళ్లిళ్లలో అక్షింతలు వేసిన ప్రతివారికీ ఫొటో తీస్తే రీళ్లు చాలవు. అందుకని అంతగా అక్కర్లేని అతిథులకు ఉత్తి ఫ్లాష్ కొడతారు. మొహాన వెలుగు పడుతుంది, రీలు కదలదు, అతిథి తృప్తిగా భోజనానికి వెళ్తాడు. (ఆ పెళ్లిలో వధూవరుల పక్కన నేను మూడుసార్లు నవ్వాను. ఆల్బంలో ఎక్కడా లేను.) సంజీవరావు గారు ఈ విద్యను ఇంకాస్త ముందుకు తీసుకెళ్లారు. అసలు రీలే లేని కెమెరా మెళ్లో వేసుకుని పెళ్లంతా మెరిపించారు.

తాళి ఎత్తగానే బాబాయి గారు మెరిపించారు. పెద్ద లైటు వినయంగా వెలిగింది. మరుక్షణం కృపానందం గారు నొక్కారు. లైటు విరామంలో ఉంది. మూడు ముళ్లకూ ఇదే వరస. నాలుగో రోజున రీలు కడిగి చూస్తే ఆ ఫొటోల్లో స్పష్టంగా ఉన్నది పురోహితుడి చెవి ఒక్కటే.

చెవితో సరిపెట్టుకుని కాపురం చేసుకోవచ్చు. కానీ సుస్మిత చల్లపల్లిలో టీచరు, భర్త సిద్ధార్థకు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఉద్యోగం. స్పౌజ్ కోటాలో బదిలీ కావాలంటే పద్దెనిమిదో తేదీ కౌన్సెలింగుకు వివాహ ధ్రువపత్రం తేవాలి. ధ్రువపత్రానికి తాళి కడుతున్న ఫొటో తేవాలి. ఇప్పుడు తప్పితే మళ్లీ రెండేళ్లకే.

వివాహ దృశ్య పరిశీలనాధికారి రామకోటేశ్వరరావు గారు ఆ ఫొటోను భూతద్దంతో చూశారు. నాలుగు వందల మంది కళ్లారా చూశారని సిద్ధార్థ విన్నవించుకున్నాడు. నిబంధనల్లో కళ్ల ప్రస్తావన లేదని ఆయన విచారం వెలిబుచ్చారు.

"చీకట్లో ఎవరు ఎవరికైనా కట్టొచ్చమ్మా," అన్నారు సుస్మితతో.

అయితే ఆయన అన్యాయం చేసే మనిషి కాదు. సిద్ధార్థ చెప్పినదాన్ని బట్టి, ఇంకెవరి మెరుపుకో లైటు వెలిగిన మాట నిజమే కాబట్టి, ఆ వెలుతురు ఎవరు వాడుకున్నారో వారి దగ్గర తాళి ఫొటో ఉండి తీరాలని తేల్చారు. వారు తొమ్మిదో నంబరు ఫారంలో వెలుతురు వినియోగ ప్రకటన ఇచ్చి, ఫొటో జతపరచాలి.

పదకొండు రోజుల పాటు బాబాయి గారు ఫొటోలు ల్యాబులో ఉన్నాయన్నారు. పదిహేడో తేదీన సుస్మిత వాళ్లింటికే వెళ్లి, ల్యాబు పేరు చెప్పేదాకా కదలనంది.

"రీలు లేదమ్మా," అన్నారాయన, గోడవైపు చూస్తూ.

"మరెందుకు కొట్టావు బాబాయ్?"

"చేతిలో ఏదో ఒకటి లేకపోతే పెళ్లిలో మనల్ని ఎవరు పట్టించుకుంటారే?"

సుస్మితకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. దేన్నీ దాచుకోలేదు. "నీ మెరుపులకి నేను రెండేళ్లు బస్సెక్కాలి," అంది.

బాబాయి గారు సిగ్గుపడి, తొమ్మిదో నంబరు ఫారం నిజాయితీగా నింపి ఇచ్చారు. కౌన్సెలింగు అయిపోయింది. నెల తర్వాత రెండు ముద్రలతో ఒక పత్రం వచ్చింది. చి.ల.సౌ. సుస్మిత, చి. సిద్ధార్థల వివాహమందు, వరుడు వధువుకు తాళి కట్టు సమయమున, వెలుతురును శ్రీ సంజీవరావు వినియోగించుకున్నట్లు ధ్రువీకరించడమైనది అని అందులో ఉంది. బాబాయి గారు దానికి ఫ్రేము కట్టించారు.

సుస్మిత దాని జిరాక్సు పట్టుకుని, చల్లపల్లి నుంచి సెలవు పెట్టి మరీ ఆఫీసుకు వచ్చింది. మాకు పెళ్లయిందని మీరే రాసి ముద్ర వేశారు కదండీ అని అడిగింది. రామకోటేశ్వరరావు గారు రెండు ముద్రలనూ భూతద్దంతో చూసి, అసలువేనని నిర్ధారించి, కాగితం వెనక్కి ఇచ్చారు.

"ఇది లైటుకిచ్చిన సర్టిఫికెట్టమ్మా. పెళ్లికైతే ఫొటో పట్రండి."